అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ విదేశాల్లో మ్యాచ్‌లు ఆడితే చాలదా, అక్కడ టీం కూడా పెట్టాలా?

నాలుగో_డౌన్
మా ఊరి టీం ఈ సీజన్‌లో ఒక హోం గేమ్‌ని యూరప్‌లో ఆడింది. సీజన్ టికెట్ ఉన్నవాళ్ళకు ఆ మ్యాచ్ డబ్బులు తగ్గించారు కాబట్టి బాధ డబ్బు గురించి కాదు. ఏడాది మొత్తం మీద హోం గేమ్‌లు ఉండేవే ఎనిమిదో తొమ్మిదో. ఒకటి పోతే వచ్చే వారం ఇంకోటి ఉందిలే అనుకోవడానికి ఇది బేస్‌బాల్ కాదు. మ్యాచ్‌కి ముందు పార్కింగ్ లాట్‌లో వండుకు తినే మా బ్యాచ్ ఎవరు పులిహోర తేవాలి, ఎవరు గ్రిల్ తేవాలి అని వారం ముందు నుంచే వాట్సాప్‌లో కొట్టుకుంటారు. ఆ ఆదివారాలంటే మాకు అంత ఇష్టం.

ఇక అసలు విషయం. 2025లో ఏడు మ్యాచ్‌లు బయట పెట్టారు. సావో పాలో, డబ్లిన్, లండన్‌లో మూడు, బెర్లిన్, మాడ్రిడ్. 2026కి మెల్‌బోర్న్ కూడా చేర్చారు. దీన్ని ఏటా పదహారు దాకా తీసుకెళ్ళాలన్నది లక్ష్యమని కమిషనర్ రాజర్ గుడెల్ బాహాటంగానే చెబుతున్నారు. బయటి దేశంలో శాశ్వతంగా టీం పెట్టే ఆలోచనను కూడా ఆయన కొట్టిపారేయడం లేదు. మ్యాచ్‌ల వరకు ఎలాగో ఓర్చుకుంటాను. టీం మాత్రం వద్దనే నా అభిప్రాయం. మీరేమంటారు?

ఫ్రిస్కో_శీను
మ్యాచ్‌లు పెంచాల్సిందే అన్నా. డాలస్ కౌబాయ్స్ టీం ఆఫీసు, ప్రాక్టీసు గ్రౌండు మా ఫ్రిస్కోలోనే. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా తెలుగువాళ్ళలో చాలామందికి ఫస్ట్ డౌన్ అంటే ఏంటో తెలియదు. పక్కనే కనిపించేసరికి పిల్లలు మొదలుపెట్టారు, తర్వాత పెద్దవాళ్ళూ అంటుకున్నారు. కళ్ళ ముందు ఆడితేనే ఆట అబ్బుతుంది. ఆ అవకాశం బెర్లిన్ వాళ్ళకూ ఇస్తే తప్పేంటి?

క్రాయ్‌డన్_కవిత
లండన్ నుంచి రాస్తున్నాను కాబట్టి నా పక్షం ఏదో చెప్పక్కర్లేదు. 2007లో వెంబ్లీలో జెయింట్స్, డాల్ఫిన్స్ ఆడిన దగ్గర్నుంచి ఇక్కడ మ్యాచ్‌లు పెడుతూనే ఉన్నారు, కోవిడ్ ఏడాది తప్ప. టాటెన్‌హామ్ స్టేడియం కట్టినప్పుడే ఎన్ఎఫ్ఎల్ కోసం ప్రత్యేకంగా ప్లాన్ చేశారు. సాకర్ ఆడే గడ్డి మైదానం మూడు భాగాలుగా విడిపోయి సౌత్ స్టాండ్ కిందికి జరిగిపోతుంది, దాని అడుగున ఈ ఆట కోసమే వేసిన టర్ఫ్ ఉంటుంది. ఎన్ఎఫ్ఎల్ టీంలకు వేరే డ్రెస్సింగ్ రూములు కూడా కట్టారు. మ్యాచ్ రోజు ట్రైన్ ఎక్కితే ముప్పై రెండు టీంల జెర్సీలూ ఒకే పెట్టెలో కనిపిస్తాయి. ఇంత చేసిన ఊరికి సొంత టీం అడిగే హక్కు లేదా?

చీజ్_పులుసు
కవిత గారూ, మీరు చెప్పిన ఆ జెర్సీల సంగతే నాకు అడ్డంగా కనిపిస్తోంది. ముప్పై రెండు టీంల జెర్సీలు వేసుకున్నారంటే వాళ్ళందరికీ ముందే ఒక టీం ఉందన్నమాట. రేపు లండన్‌కు కొత్త టీం ఇస్తే పాతికేళ్ళుగా ప్యాకర్స్‌ని నమ్ముకున్నవాడు జెర్సీ మారుస్తాడా? నేనైతే చచ్చినా మార్చను.

క్రాయ్‌డన్_కవిత
ఆయన మార్చకపోవచ్చు. ఆయన కూతురు మారుస్తుంది.

ఫ్రిస్కో_శీను
ఇది పాయింటే 👏

గోల్‌లైన్_గోపాలం
చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1991లో ఎన్ఎఫ్ఎల్ అండతోనే వరల్డ్ లీగ్ అని పెట్టారు. మొదటి ఫైనల్ వెంబ్లీలోనే. లండన్ మోనార్క్స్ 21-0తో బార్సిలోనా డ్రాగన్స్‌ని ఓడించింది, చూసినవాళ్ళు 61,108 మంది. అంత ఘనంగా మొదలైన మోనార్క్స్ 1998 సీజన్ తర్వాత మూతపడింది. స్కాట్లాండ్ టీం పోయింది, బార్సిలోనా పోయింది. 2007లో లీగ్ మొత్తం ఆపేసే నాటికి మిగిలిన ఆరు టీంలలో ఐదు జర్మనీవి, ఒకటి ఆమ్‌స్టర్‌డామ్. ఏటా దాదాపు 3 కోట్ల డాలర్ల నష్టం అని అప్పట్లో పత్రికలు రాశాయి.

నేను అప్పుడు డ్యుసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ లీగ్‌లోని అక్కడి టీం రైన్ ఫైర్ మ్యాచ్‌లకు వెళ్ళేవాళ్ళం. జనం బాగానే వచ్చేవారు, పాటలు, డప్పులు, బీరు, మంచి సందడి. అయినా ఒక వెలితి ఉండేది. బాగా ఆడిన కుర్రాడు వచ్చే ఏడాది కనబడడు. అమెరికా టీంలు తమ మూడో క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరి ఆట నడిపేవాణ్ణి) ఇక్కడ పదును పెట్టించుకుని వెనక్కి పిలిపించుకునేవి. కర్ట్ వార్నర్ అలా 1998లో ఆమ్‌స్టర్‌డామ్‌కు ఆడాడు. 2000 జనవరిలో సూపర్ బౌల్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్) గెలిచి అందులో ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు అయ్యాడు. అతనికి మేలే జరిగింది, ఆమ్‌స్టర్‌డామ్ అభిమానికి ఏం మిగిలింది?

మ్యూనిక్_మధు
గోపాలం గారు చెప్పింది నిజమే, కానీ అది రెండో తరగతి లీగ్ కాబట్టి మూతపడింది. అసలు సరుకు తెస్తే ఏమవుతుందో 2022లో మ్యూనిక్‌లో చూశాం. బక్కనీర్స్, సీహాక్స్ మ్యాచ్. స్టార్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ వచ్చాడు. 69,811 మంది. చివర్లో స్టేడియం అంతా కలిసి 'కంట్రీ రోడ్స్' పాట అందుకుంది. మ్యూజిక్ ఆపేశాక కూడా జనం ఆపలేదు. నా పక్క సీటులో ఒక పెద్దాయన పాత ఫ్రాంక్‌ఫర్ట్ గెలాక్సీ టోపీ పెట్టుకుని వచ్చాడు. 2007లో పోయిన టీం టోపీ! టీం పోయినా ఆయన ఆటను వదల్లేదు.

గోల్‌లైన్_గోపాలం
అందుకే నాకు భయం మధూ. అలాంటి మనిషికి మళ్ళీ టీం ఇచ్చి మళ్ళీ లాక్కుంటే?

క్రికెట్టే_ప్రాణం
నాకు ఈ ఆట అంతగా తెలియదు, అడుగుతున్నానని ఏమీ అనుకోవద్దు. మన ఐపీఎల్ 2009లో మొత్తం సౌతాఫ్రికాలో ఆడారు, 2020లో యూఏఈలో ఆడారు. ఎవరికీ ఏమీ కాలేదు. వీళ్ళకెందుకు ఇంత గొడవ?

ఫిజియో_పద్మ
ఆ రెండుసార్లూ అందరూ వెళ్ళి అక్కడే మకాం పెట్టారు కాబట్టి కుదిరింది. ఇక్కడ ముప్పై రెండు టీంలు ఒక ఖండంలో, ఒకటి సముద్రం అవతల.

నేను స్పోర్ట్స్ ఫిజియోథెరపీలో పనిచేస్తాను, ప్రొఫెషనల్ టీంతో కాదు, కాలేజీ పిల్లలతో. ఈ ఆటలో వారం ఎలా నడుస్తుందో చూడండి. ఆదివారం మ్యాచ్. సోమవారం స్కాన్‌లు, ఎవరికి ఏం విరిగిందో తేలుతుంది. మంగళవారం ఆటగాళ్ళకు సెలవు, కానీ ఆఫీసుకు కాదు. దెబ్బ తగిలినవాడి చోటుకి ఖాళీగా ఉన్న నలుగురైదుగురిని విమానంలో పిలిపించి పరీక్షించేది ఆ రోజే. బుధవారం నుంచి ప్రాక్టీస్, కొత్తవాడు అప్పటికి ప్లేబుక్ (టీం ఎత్తుల పుస్తకం) పట్టుకుని ఉండాలి. ఇప్పుడు ఆ టీం లండన్‌లో ఉందనుకోండి. ఒహాయోలో ఇంట్లో కూర్చున్న లైన్‌మన్‌ని (ముందు వరసలో అడ్డుకునే భారీ ఆటగాణ్ణి) సోమవారం రాత్రి పిలిస్తే వర్క్ పర్మిట్ ఎప్పుడు, విమానం ఎప్పుడు, నిద్ర ఎప్పుడు, ప్రాక్టీస్ ఎప్పుడు? మూడు వందల పౌండ్ల మనిషి పది గంటలు విమానంలో కూర్చుని దిగితే కాళ్ళ వాపులే తగ్గవు.

ఏడాదికి ఒక్క ప్రయాణమైతే బై వీక్ (మ్యాచ్ లేని వారం) ఇచ్చి సర్దుతారు. ప్రతి రెండు వారాలకూ ఇదే అంటే ఒళ్ళు ఒప్పుకోదు.

సియాటిల్_వాన
పద్మ గారి పోస్టు మూడుసార్లు చదివాను. దానికి ఇంకోటి కలుపుతున్నాను. ప్లేఆఫ్స్. మాకూ లండన్‌కూ ఎనిమిది గంటల తేడా. లండన్ టీం వైల్డ్‌కార్డ్ మ్యాచ్ (ప్లేఆఫ్స్ మొదటి రౌండ్) సొంత ఊళ్ళో ఆదివారం రాత్రి గెలిచి వచ్చే శనివారం సియాటిల్‌లో ఆడాలంటే? లేదా మేమే అటు పోవాలంటే? సీజన్ అంతా కష్టపడి ఆఖరికి నిద్ర చాలక ఓడిపోవడం న్యాయం కాదు.

క్రాయ్‌డన్_కవిత
రెండు మూడు వారాలు వరసగా ఇక్కడ, రెండు మూడు వారాలు వరసగా అక్కడ ఆడొచ్చు. అమెరికా తూర్పు తీరంలో ఒక ప్రాక్టీస్ క్యాంపు పెట్టుకుంటే పద్మ గారు చెప్పిన మంగళవారం సమస్య సగం తీరుతుంది. జాక్సన్‌విల్ జాగ్వార్స్ 2023లో, 2024లో వరసగా రెండేసి వారాలు లండన్‌లోనే ఆడారు. 2025లో వైకింగ్స్ డబ్లిన్‌లో ఒక ఆదివారం, లండన్‌లో మరుసటి ఆదివారం ఆడారు. డబ్లిన్‌లో ఓడారు, లండన్‌లో బ్రౌన్స్ మీద గెలిచారు. కాళ్ళు వాచి పడిపోలేదు కదా.

ఫిజియో_పద్మ
ఒకసారి వెళ్ళి రెండు వారాలు ఉండి వచ్చారు కవిత గారూ. అది ఒక ప్రయాణం. మీరు చెప్పిన లెక్కలో సీజన్‌కి ఆరేడు ప్రయాణాలు తేలతాయి. పైగా ఆటగాళ్ళ భార్యాపిల్లలు ఎక్కడుండాలి? పిల్లల బడి ఏ దేశంలో?

ఫ్రిస్కో_శీను
ట్యాక్స్ గురించి ఎవరూ అనలేదేంటి. టెక్సస్‌లో, ఫ్లోరిడాలో రాష్ట్రం ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. ఫెడరల్ పై స్లాబ్ 37 శాతం. బ్రిటన్‌లో 45. శాలరీ క్యాప్ (టీం మొత్తం జీతాల పరిమితి) మాత్రం అందరికీ ఒకటే. రెండు టీంలు ఒకే జీతం ఇస్తామంటే మంచి ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్టు అయిపోయి ఎటైనా వెళ్ళగలిగినవాడు) లండన్ ఎందుకు వెళ్తాడు? డ్రాఫ్ట్‌లో (టీంలు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేది) ఎంపికైన పిల్లాడికి ఎలాగూ ఛాయిస్ లేదు, కాంట్రాక్టు అయిపోగానే విమానం ఎక్కేస్తాడు. మ్యాచ్‌లు పెంచాలన్నాను కానీ టీం అంటే నాకూ నమ్మకం కుదరడం లేదు.

టొరంటో_తాతారావు
సముద్రం దాటడం సరే, నది దాటినా కుదరలేదు. బఫలో బిల్స్ 2008 నుంచి 2013 దాకా ఏటా ఒక హోం గేమ్ టొరంటోలో ఆడారు. బఫలో ఇక్కడికి కారులో రెండు గంటలు. టికెట్ల రేట్లు ఎక్కువ పెట్టారు. హాలు చప్పగా ఉండేది, అవతలి టీంకి చప్పట్లు ఎక్కువ పడేవి. ఆరు మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచారు. ఆఖరికి వాళ్ళే ఆపేశారు. డిసెంబరులో మంచులో అరిచే బఫలో జనాన్ని వదిలేసి పైకప్పు కింద మెత్తటి కుర్చీల మధ్య ఆడితే హోం గేమ్ ఎలా అవుతుంది?

ఇంకోటి తిరగేసి చూడండి. మా కెనడా లీగ్ 1993లో అమెరికాలోకి వచ్చింది. మాది మూడు డౌన్‌లు (బంతిని ముందుకు తీసుకెళ్ళే ఛాన్సులు), 110 గజాల మైదానం, పన్నెండు మంది. బాల్టిమోర్ స్టాలియన్స్ 1995లో మా లీగ్ కప్పు గ్రే కప్ కూడా గెలిచింది, ఆ కప్పు గెలిచిన ఒకే ఒక్క అమెరికా టీం. జనం బాగానే వచ్చేవారు. అంతలో క్లీవ్‌లాండ్ ఎన్ఎఫ్ఎల్ టీం బాల్టిమోర్‌కు వస్తుందనేసరికి కప్పు గెలిచిన వాళ్ళు మూటాముల్లె సర్దుకుని మాంట్రియల్ వచ్చేశారు. ఆ ఏడాదితో అమెరికా టీంలు అన్నీ పోయాయి.

చీజ్_పులుసు
ఈ బాల్టిమోర్ కథ నాకు తెలియదు తాతారావు గారూ. కప్పు గెలిచి ఊరు ఖాళీ చేయడమా! 😮

నాలుగో_డౌన్
ఇక్కడే నా అసలు బాధ. టీం కదిలిందంటే ఒక ఊరు బోసిపోయిందని అర్థం. రామ్స్ 2016లో సెయింట్ లూయిస్ వదిలారు, ఛార్జర్స్ 2017లో శాన్ డియేగో, రైడర్స్ 2020లో ఓక్లాండ్. లండన్‌కి కొత్త టీం ఇస్తారని ఎవరు చెప్పారు? ఉన్నదాన్నే ఎత్తుకెళ్ళరని గ్యారంటీ ఏమిటి? స్టేడియాలకు ప్రజల డబ్బు పోస్తున్నాం. బఫలో కొత్త స్టేడియానికి రాష్ట్రం, కౌంటీ కలిపి 85 కోట్ల డాలర్లు. జాక్సన్‌విల్ నగరం 77.5 కోట్లకు ఒప్పుకుంది. ఆ పన్ను కట్టినవాడికి హోం గేమ్ చూసే మొదటి హక్కు ఉండాలి.

చీజ్_పులుసు
అందుకే మా గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఓనర్ లేడు, వాటాదారులం మేమే. మమ్మల్ని ఎవరూ ఎత్తుకెళ్ళలేరు 💚💛 విదేశంలో మ్యాచ్ ఆడిన ముప్పై రెండు టీంలలో చివరిది మాదే, 2022లో లండన్‌లో. జెయింట్స్ చేతిలో ఓడాం, అది వదిలేయండి.

డబ్బు గురించి ఒక మాట. మిగతా ఓనర్లు లెక్కలు బయటపెట్టరు. ప్యాకర్స్ ఏటా పెడుతుంది. టీవీ ఒప్పందాలు, లీగ్ ఉమ్మడి ఆదాయంలో మా వాటా 2025లో ప్రకటించిన లెక్క ప్రకారం 43.26 కోట్ల డాలర్లు. ప్రతి టీంకీ అంతే, సమానంగా. కాబట్టి ఓనర్ల వైపు నుంచి చూడండి. కొత్త టీం వస్తే ఈ పళ్ళెంలో ఇంకొకరికి వడ్డించాలి. బయట మ్యాచ్‌లు పెంచి వాటిని విడిగా ఏ స్ట్రీమింగ్ కంపెనీకో అమ్ముకుంటే ఉన్న ముప్పై రెండు మందే పంచుకుంటారు. 2025లో సావో పాలో మ్యాచ్ యూట్యూబ్‌లో ఫ్రీగా వేసింది ఊరికే కాదు. వాళ్ళు టీం పెట్టరు, మ్యాచ్‌లే పెంచుతారని నా అంచనా.

హైదరాబాద్_హడిల్
మేము ఒకళ్ళం ఉన్నామని గుర్తుచేస్తున్నాను. మామూలు ఆదివారం మ్యాచ్ మాకు రాత్రి పదిన్నరకు మొదలవుతుంది, రెండోది తెల్లవారుజామున. సూపర్ బౌల్ అయితే సోమవారం ఉదయం ఐదింటికి. ఆ రోజు ఆఫీసులో నా మొహం చూసి ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. లండన్ మ్యాచ్ ఒక్కటే అక్టోబరులో సాయంత్రం ఏడింటికి వస్తుంది. అమ్మ చపాతీలు చేస్తూ ఒక కన్ను టీవీ మీద వేసి "వాళ్ళు ప్రతిసారీ ఎందుకలా గుమిగూడి మాట్లాడుకుంటారు రా" అని అడిగేది ఆ ఒక్క మ్యాచ్‌కే. లండన్ మ్యాచ్‌లు వద్దనకండి ప్లీజ్.

సియాటిల్_వాన
మీకు సాయంత్రం ఏడు, మాకు పొద్దున ఆరున్నర. మీరు చపాతీతో చూడండి, మేము ఇడ్లీతో చూస్తాం.

క్రికెట్టే_ప్రాణం
మన దగ్గర ఎప్పుడైనా ఈ ఆట పెట్టారా?

హైదరాబాద్_హడిల్
పెట్టారు. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ స్కైకింగ్స్ అని మనకూ ఒక టీం. మైక్ డిట్కా, కర్ట్ వార్నర్ లాంటి పెద్ద పేర్లు వెనక ఉన్నాయి. కానీ మ్యాచ్‌లు శ్రీలంకలో ఆడించి రికార్డు చేసి తర్వాత టీవీలో వేశారు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న టీంని హైదరాబాద్‌లో ఎవరూ చూడలేదు. నిలబడలేదు.

ఆ కుర్రాళ్ళను తలుచుకుంటే బాధేస్తుంది. రగ్బీ నుంచో, కబడ్డీ నుంచో వచ్చి కొత్త ఆట నేర్చుకున్నారు. వాళ్ళకు కింద బడి టీం లేదు, కాలేజీ టీం లేదు, ఆడుకోవడానికి గీతలు గీసిన మైదానం లేదు.

ఫ్రిస్కో_శీను
దీనికి ఎదురు ఉదాహరణ మా దగ్గరే ఉంది. మేజర్ లీగ్ క్రికెట్. 2023లో గ్రాండ్ ప్రెయిరీలో పాత బేస్‌బాల్ స్టేడియాన్ని మార్చి మొదలుపెట్టారు. ఐపీఎల్ వాళ్ళు చెన్నై టీంని డాలస్‌కు తేలేదు. ఇక్కడ వేరే లీగ్ పెట్టి టెక్సస్ సూపర్ కింగ్స్ అని కొత్త టీం పెట్టారు. సియాటిల్ టీంలో సత్య నాదెళ్ళ కూడా పెట్టుబడి పెట్టారు. ఇక్కడ మన పిల్లలు వీకెండ్ అకాడమీల్లో ఆడుతున్నారు కాబట్టి కింద పునాది ఉంది.

అదే 2024 టీ20 వరల్డ్ కప్‌కి న్యూయార్క్‌లో ఏం చేశారు? నసావ్ కౌంటీలో తాత్కాలిక స్టేడియం, ఎక్కడో పెంచి తెచ్చిన పిచ్. ఇండియా 119కి ఆలౌట్, పాకిస్తాన్ 113 దగ్గర ఆగింది. టోర్నీ అయ్యాక స్టాండ్లు విప్పేశారు. చుట్టపు చూపుగా రావడం వేరు, కాపురం పెట్టడం వేరు.

టొరంటో_తాతారావు
పిచ్ అంటే గుర్తొచ్చింది. 2018లో మెక్సికో సిటీ ఆజ్‌టెకా స్టేడియంలో చీఫ్స్, రామ్స్ ఆడాల్సింది. గ్రౌండు పాడైపోయిందని వారం రోజుల్లోపు ఉండగా లాస్ ఏంజెలెస్‌కు మార్చారు. 54-51తో చరిత్రలో నిలిచిన మ్యాచ్ అది. టికెట్లు కొనుక్కున్న మెక్సికో వాళ్ళ కడుపు ఎంత మండి ఉంటుందో. 2005లో మొదటిసారి బయట రెగ్యులర్ మ్యాచ్ పెట్టింది అక్కడే, 1,03,467 మంది వచ్చారు. టీం పెట్టాలంటే నా ఓటు మెక్సికో సిటీకే. టైం జోన్ సమస్య లేదు, ప్రయాణం తక్కువ, జనం తరాలుగా చూస్తున్నారు.

ఫిజియో_పద్మ
సముద్ర మట్టానికి 2,200 మీటర్ల ఎత్తు. ఊపిరి ఆడదని విజిటింగ్ టీంలు గోల పెడతాయి, కానీ అది డెన్వర్‌లోనూ ఉంది. లండన్ కన్నా మెక్సికో నయం, ఒప్పుకుంటాను.

సిడ్నీ_సూరి
టీంల గురించి ఇంత మాట్లాడారు, ఆటగాళ్ళ గురించి ఎవరూ అనలేదు. జోర్డన్ మైలాటా మా సిడ్నీ కుర్రాడు. రగ్బీ లీగ్ ఆడేవాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 2018లో ఈగల్స్ డ్రాఫ్ట్ ఏడో రౌండ్‌లో తీసుకున్నారు. ఇప్పుడు లెఫ్ట్ టాకిల్‌గా (ఎడమ పక్క క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసేవాడు) సూపర్ బౌల్ గెలిచాడు. అతన్ని తయారుచేసింది లీగ్ పెట్టిన ఇంటర్నేషనల్ ప్లేయర్ పాత్‌వే. ఒక టీంకయ్యే ఖర్చులో ఇలాంటి అకాడమీలు ఎన్ని నడపొచ్చు! 2028 ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టే బదులు నడుముకి కట్టిన గుడ్డ లాగే ఆట) కూడా ఉంది. ప్యాడ్లు, హెల్మెట్లు అక్కర్లేదు, తలలు గుద్దుకోవడం లేదు, అమ్మాయిలూ ఆడతారు. బడిలో పెట్టడానికి ఇంతకంటే తేలిక ఏముంటుంది?

మ్యూనిక్_మధు
సూరి చెప్పింది నా మనసులో మాట. మా అమ్మాయి ఇక్కడ క్లబ్‌లో ఫ్లాగ్ ఆడుతుంది. జర్మనీలో చిన్న ఊళ్ళలో కూడా క్లబ్‌లు ఉన్నాయి, కోచ్‌లు చాలావరకు జీతం లేకుండా చేస్తారు. 2021లో మొదలైన యూరోపియన్ లీగ్ పాత రైన్ ఫైర్, గెలాక్సీ పేర్లు మళ్ళీ తెచ్చింది. ఎన్ఎఫ్ఎల్ నిజంగా మాకు ఏదైనా చేయాలనుకుంటే ఈ క్లబ్‌లకు కోచ్‌లను, సామాన్లను ఇవ్వాలి. ఏటా ఒక మ్యాచ్ పెట్టి టికెట్లు నిమిషాల్లో అమ్ముకుని వెళ్ళిపోవడంతో సరిపెట్టకూడదు.

నాలుగో_డౌన్
మధు గారూ, ఆ పనికైతే నా హోం గేమ్ ఒకటి ఇవ్వడానికి సిద్ధం. వచ్చిన డబ్బులో కొంత అక్కడి క్లబ్‌లకు పోవాలని లీగ్ రాసి ఇస్తే నేను నోరు మెదపను.

సియాటిల్_వాన
ఎవరి హోం గేమ్ పోవాలనే గొడవకు పరిష్కారం, ఒక్కో టీంకి ఇప్పుడున్న పదిహేడుకి తోడు పద్దెనిమిదో మ్యాచ్ అంటున్నారు కదా. ముప్పై రెండు టీంలు, పదహారు మ్యాచ్‌లు, అన్నీ తటస్థ వేదికలో.

ఫిజియో_పద్మ
నా దగ్గరకు వచ్చే పిల్లల మోకాళ్ళు చూస్తే పదిహేడే ఎక్కువ అంటారు మీరు. ఆ ఒక్క మ్యాచ్ కావాలంటే ఇంకో బై వీక్ ఇవ్వాలి, ప్రీసీజన్ (సీజన్ ముందు సన్నాహక మ్యాచ్‌లు) తగ్గించాలి. ఈ రెండూ రాతలో లేకుండా ఆటగాళ్ళ సంఘం సంతకం పెట్టకూడదు.

క్రాయ్‌డన్_కవిత
అందరూ కలిసి నన్ను ఒంటరిని చేశారు 😄 సరే, మంగళవారం ట్రైఔట్‌కు నా దగ్గర జవాబు లేదు. టీం పదేళ్ళు ఆగుతుంది అనుకుందాం. దాని బదులు జనవరిలో ఒక ప్లేఆఫ్ మ్యాచ్ వెంబ్లీలో పెట్టండి.

చీజ్_పులుసు
ప్లేఆఫ్ హోం గేమ్ మీద చెయ్యి వేస్తే ఊరుకోం! సీజన్ అంతా గెలిచి సంపాదించుకునేది అది. జనవరిలో మా స్టేడియం లాంబో ఫీల్డ్ చలి అవతలి టీంకి తగలాలి, మీ వాన కాదు. ప్రో బౌల్ (స్టార్ ఆటగాళ్ళ ప్రదర్శన ఆట) తీసుకోండి.

క్రాయ్‌డన్_కవిత
ప్రో బౌల్ మీరే ఉంచుకోండి. సూపర్ బౌల్ ఎలాగూ తటస్థ వేదికే కదా, దాని గురించి కొత్త థ్రెడ్ వేస్తున్నాను. అందరూ అక్కడికి రండి.